పిస్టన్ చూడనిదే బ్లాకు ముట్టుకోని బోరింగ్ షాపు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లకు పనిచేసే పెద్ద షాపుల మధ్య, మోటారు సైకిళ్ల సిలిండర్లు మాత్రమే బోరు చేసే, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను సమంగా కోసి కొంచెం పెద్దది చేసే, చిన్న లేత్ షాపు ఒకటి ఉంది. దాని బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి చాలా కాలమైంది. టూ వీలర్ బోరింగ్ అని అడిగితే పక్క షాపుల వాళ్లే చేయి చాపి చూపిస్తారు. ఇంటి వరండాలో సెలవు రోజుల్లో నేను బాగుచేసుకునే 1993 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిల్ బ్లాకును, అంటే దాని సిలిండర్‌ను, ఈ షాపులో బోరు చేయించాను. బోరింగ్ ఎలా కుదిరిందనేది బ్లాకు చేతికి వచ్చిన రోజున తెలిసే సంగతి కాదు కాబట్టి, బండి పదకొండు వందల కిలోమీటర్లు తిరిగేదాకా ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

పాత చిన్న బండ్లను సరదాగా బాగుచేసుకునేవారికి ఇంట్లో సాధ్యం కాని పనులు నిజానికి చాలా తక్కువ. కార్బ్యురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయడం, క్లచ్ ప్లేట్లు మార్చడం, సైలెన్సర్ లోపల పేరుకున్న మసి గోకడం వంటివన్నీ నాలుగు స్పానర్లు, కొంచెం ఓపిక ఉంటే ఎవరికి వారు నేర్చుకోగలిగినవే. బోరింగ్ మాత్రం యంత్రం ఉన్న చోటే జరగాలి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే వాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా దాదాపు ముప్పై ఏళ్ల వయసు ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు నిమిషానికి వేల సార్లు పోర్టుల, అంటే సిలిండర్ గోడలోని రంధ్రాల, అంచుల మీదుగా జారుతూ ఉంటాయి కాబట్టి అరుగుదల తప్పదు. ఒక్కసారైనా బోరు కాని బ్లాకు నేడు దొరకడం అదృష్టమే.

ఈ షాపుకు రావడానికి ముందు నేను ఒక దెబ్బ తిన్నాను. మా గుంటూరులోనే ఒక చోట బ్లాకు ఇచ్చి 0.50 సైజుకు, అంటే అసలు 50 మి.మీ. కంటే అర మిల్లీమీటరు పెద్దగా, బోరు చేయించి, పిస్టన్ తరువాత కొన్నాను. పెట్టె మీద 0.50 అని ఉంది, బ్లాకు కూడా 0.50కి బోరయింది, ఇక లెక్క సరిపోయినట్లేనని అనుకున్నాను. బిగించాక నలభై అయిదు కిలోమీటర్లు తిరిగేసరికి, తెనాలి దారిలో ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా బొంగురుపోయింది. వెనుక చక్రం పట్టేయడానికి ఒక లిప్త ముందు క్లచ్ నొక్కగలిగాను గనుక పడలేదు. విప్పి చూస్తే పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు, బ్లాకు లోపలి ఇనుప గొట్టమైన లైనర్‌కు అంటుకుపోయిన అల్యూమినియం కనిపించాయి. అరువు తెచ్చిన మైక్రోమీటర్‌తో గీతలు పడని చోట కొలిస్తే పిస్టన్ 50.49 మి.మీ. వచ్చింది. బోరు 50.50 ఉంది. అంటే రెండింటి మధ్య మిగిలిన ఖాళీ మిల్లీమీటరులో నూరోవంతు మాత్రమే. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, అంత ఇరుకులో పిస్టన్ పట్టేయడంలో వింత ఏమీ లేదు.

బ్లాకును తువ్వాలులో చుట్టుకుని బస్సులో విజయవాడ వెళ్లాను. ఆటోనగర్ షాపులోని మేస్త్రి గారికి అరవై ఏళ్లు ఉంటాయి. బ్లాకు బల్ల మీద పెట్టగానే ఆయన దాని వైపు చూడనైనా చూడకుండా, "పిస్టన్ ఏదండీ?" అన్నారు. కొనలేదని, సైజు చెబితే కొని తెస్తానని అన్నాను. బ్లాకులో డయల్ గేజ్ దించి, పైన, మధ్యన, కింద, అడ్డంగానూ నిలువుగానూ ఆరు చోట్ల చూసి, గీతల లోతు గోటితో తడిమి, "పాయింట్ 75తో పోతుంది. పిస్టన్ తెచ్చాకే మిషన్ ఎక్కిస్తాను" అని బ్లాకు పక్కన పెట్టేశారు. ఈ షాపును మెచ్చుకోవడానికి నాకు మొదటి కారణం ఆ మాటే.

అరగంటలో పిస్టన్ కొని తెచ్చాను. ఆయన దాన్ని వెంటనే కొలవలేదు. ఎండలో నడిచి వచ్చాను కదా, కాసేపు బల్ల మీద ఉండనివ్వమన్నారు. మొదట చాదస్తం అనుకున్నాను కానీ, ఇంటికి వచ్చి లెక్క వేస్తే ఆయన మాటలో సారం కనిపించింది. 50 మి.మీ. అల్యూమినియం పది డిగ్రీలు వేడెక్కితే సుమారు నూరోవంతు మిల్లీమీటరు పెరుగుతుంది. మనం కోరుకునే ఖాళీ మొత్తం నాలుగు నూరోవంతులే అయినప్పుడు అందులో నాలుగో వంతు చేతి వేడికే పోవడం చిన్న విషయం కాదు. పిస్టన్ చల్లారాక ఆయన మైక్రోమీటర్ దవడల మధ్య కాగితం ముక్క పెట్టి, మెల్లగా బిగించి లాగేసి వాటిని శుభ్రం చేసుకున్నారు. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గజన్ పిన్‌కు లంబంగా, పిస్టన్ కింది అంచుకు కొద్దిగా పైన కొలిచి, పిస్టన్ తల మీద మార్కర్‌తో 50.70 అని, దాని కింద +4 అని రాశారు. పిస్టన్ చూడటానికి గుండ్రంగా ఉన్నా, పైభాగం కాస్త సన్నగా, నడుము అండాకారంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. పెట్టె మీద ముద్రించిన సైజును నమ్మకుండా, చేతిలో ఉన్న పిస్టన్‌కు తగినట్లు బోరును నిర్ణయించడమే ఇక్కడి పద్ధతి.

బోరింగ్ కడ్డీతో 50.70 దాకా మాత్రమే కోసి, మిగిలిన నాలుగు నూరోవంతులను హోనింగ్ రాళ్లతో, అంటే గోడను సన్నగా అరగదీసే రాళ్లతో, తీస్తామని ఆయన వివరించారు. పని జరిగేటప్పుడు నేను అక్కడ లేను. బ్లాకు తిరిగి తీసుకున్నప్పుడు లోపల ఒకదానినొకటి కోసుకునే సన్నని గీతలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సమంగా ఉన్నాయి. ఆ గీతల్లోనే నూనె నిలిచి కొత్త రింగులు కుదురుకుంటాయి. నా ముందే మళ్లీ గేజ్ దించి చూపించారు. ఆరు చోట్లా ముల్లు దాదాపు ఒకే గీత దగ్గర నిలిచింది. బోరింగ్, హోనింగ్ కలిపి ఏడు వందల రూపాయలు తీసుకున్నారు. బోరు పెరిగితే బండి పవరు పెరుగుతుందని నమ్మేవారు ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. 50 మి.మీ. స్ట్రోక్ ఉన్న ఈ ఇంజిన్ 98 సీసీ నుంచి 101 సీసీకి వెళ్లింది, అంతే.

ఇక లోపాల సంగతి. రెండు రోజులన్న పని అయిదు రోజులు పట్టింది. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది పోర్టుల అంచులు. బోరు చేసినప్పుడు పోర్టుల చుట్టూ అంచు కత్తిలా తేలుతుంది. దాన్ని కొద్దిగా ఏటవాలుగా అరగదీయకపోతే రింగు తగులుకుని విరిగే ప్రమాదం ఉంది. షాపులో ఒకసారి రాయి తిప్పారు గానీ, ఇంటికి వచ్చి దూది ముక్కతో తుడిచినప్పుడు ఎగ్జాస్ట్ పోర్టు పై అంచుకు పీచు చిక్కుకుంది. సన్నని అర్ధచంద్రాకారపు ఆకురాయితో గంటసేపు జాగ్రత్తగా నునుపు చేయవలసి వచ్చింది. అంత నిక్కచ్చిగా కొలిచే మనిషి ఈ చివరి పని తేలికగా వదిలేయడం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. బిల్లు ఇవ్వరు, కొలతలు కాగితం మీద రాసి ఇవ్వరు. పిస్టన్ తల మీది మార్కర్ రాతే రసీదు అనుకోవాలి. బ్లాకును పెట్రోలుతో తుడిచి ఇస్తారు, కానీ హోనింగ్ పొడి దానితో పోదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు, బ్రష్‌తో తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు కడిగి, వెంటనే నూనె రాశాను. ఆలస్యం చేస్తే లైనర్ చూస్తుండగానే తుప్పు పడుతుంది.

బిగించే ముందు రింగును ఒంటరిగా బోరులోకి దించి, పిస్టన్‌తో నెట్టి సరిగా నిలబెట్టి, కొసల మధ్య ఖాళీ చూశాను. 0.20 ఫీలర్ గేజ్ దూరింది, 0.25 దూరలేదు. ఈ సైజు బోరుకు అది చక్కని కొలత, బోరు సరిగా కుదిరిందనడానికి మరొక సాక్ష్యం కూడా. రింగు కొసలు పిస్టన్ గాడిలోని మేకు దగ్గరే ఉన్నాయని చూసుకుని, గజన్ పిన్ జారిపోకుండా పట్టే కొత్త సర్‌క్లిప్పులు వేసి, బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉంచి బ్లాకును దించాను. ఏ బలవంతమూ లేకుండా కూర్చుంది. ఆయిల్ పంపు తన పని తాను చేస్తున్నా, మొదటి రెండు ట్యాంకులకు లీటరుకు 20 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పెట్రోలులో కూడా కలిపాను. మొదటి అయిదు వందల కిలోమీటర్లు ఒకే వేగంతో ఎక్కువసేపు నడపకుండా, ఎక్కువ బరువు వేయకుండా, ఇరవై నిమిషాలకు ఒకసారి ఆపి చల్లారనిచ్చాను.

రెండో కిక్కుకే స్టార్టవుతోంది. చలి ఉదయాల్లో తప్ప పొగ కనిపించదు. హెడ్డు దగ్గర ఇదివరకు వినిపించిన గలగల లేదు. తెనాలి దారిలో అదే చోటు ఎనిమిది సార్లు దాటాను. ప్రతిసారీ వేలు క్లచ్ మీదికి తానుగా వెళుతోంది గానీ, ఇంతవరకు దాని అవసరం రాలేదు. పోయిన ఆదివారం సైలెన్సర్ విప్పి, టార్చి వేసి పోర్టులోంచి చూశాను. పిస్టన్ మీద నిలువు గీతలు లేవు. రింగు అంచు చుట్టూ సమంగా మెరుస్తోంది. పిస్టన్‌ను కిందికి దించితే లైనర్ మీద హోనింగ్ గీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి.

తొందర ఉన్నవారికి, రోజూ ఆఫీసుకు అదే బండి మీద వెళ్లవలసినవారికి ఈ షాపు సరిపడదు. బండి విప్పి పక్కన పెట్టి వారం ఆగగలిగితే, పిస్టన్, రింగులు, గజన్ పిన్ మూడూ ముందే కొని బ్లాకుతో పాటు తీసుకువెళ్లండి. తీసుకునే రోజున పోర్టుల అంచులను దూదితో అక్కడే తుడిచి చూసి, పీచు చిక్కితే బ్లాకును ఆయన చేతికే తిరిగి ఇవ్వండి.