పాత ల్యాండ్‌లైన్లు తీసేసి ఇంటర్నెట్ కాలింగ్‌కి మారిన ఆఫీసు: ఐదేళ్ల వాడకం తర్వాత

నాలుగు ల్యాండ్‌లైన్లు, ఒక ఈపీఏబీఎక్స్ పెట్టె (ఆఫీసు లోపలి ఫోన్లను బయటి లైన్లతో కలిపేది), 20 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు). వాటి స్థానంలో ఐపీ పీబీఎక్స్ (అదే పని ఇంటర్నెట్ పద్ధతిలో చేసేది), సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోన్ లైన్లు) వచ్చి ఐదేళ్లు దాటింది. మళ్లీ ఎంచుకోమన్నా ఇదే ఎంచుకుంటాను. అయితే అమ్మేవాళ్లు చూపించే ఫీచర్లలో సగం మేం ముట్టుకోనేలేదు. ఫోన్ బాగుందా లేదా అన్నది తేల్చేది దాని కింద ఉన్న నెట్‌వర్కే.

ముందు కరెంటు సంగతి. రాగి తీగ మీద నడిచే మామూలు ఫోన్‌కి 48 వోల్టులు ఎక్స్ఛేంజీ నుంచే వస్తాయి కాబట్టి ఆఫీసులో కరెంటు పోయినా అది మోగుతుంది. ఐపీ ఫోన్‌కి ఆ వసతి లేదు. స్విచ్, రౌటర్, పీబీఎక్స్, ఫైబర్ మోడెమ్ నాలుగూ యూపీఎస్ మీద ఉండాలి. ఎక్కువగా మరిచిపోయేది మోడెమ్‌నే. ఒక్కో ఫోన్‌కి ఒక్కో అడాప్టర్ వద్దు, నెట్ కేబుల్ మీదే ఫోన్‌కి కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ కొనండి. ఫోన్లన్నీ ఆ ఒక్క యూపీఎస్ కిందికి వచ్చేస్తాయి.

నెట్ స్పీడు ఎంత ఉండాలని అందరూ అడుగుతారు. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కి ఒక్కో వైపు సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ దాటదు. అయినా ఎవరో పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టగానే మాట తెగుతుంది. అవతలివాళ్లు మనకు శుభ్రంగా వినిపిస్తూనే ఉంటారు, మన మాటే వాళ్లకు ముక్కలు ముక్కలుగా చేరుతుంది. మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, సెకనుకు 50 ప్యాకెట్ల చొప్పున బయల్దేరుతుంది. ఫైలు ప్యాకెట్ల వెనక క్యూలో ఇరుక్కుని బాగా ఆలస్యమైన ముక్కను అవతలి ఫోన్ పారేస్తుంది. దీనికి మందు ఖరీదైన ప్లాన్ కాదు, రౌటర్‌లో క్యూఓఎస్, అంటే ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో చెప్పే అమరిక. అప్‌లోడ్ పరిమితిని నిజంగా వచ్చే స్పీడు కన్నా ఓ పది శాతం తక్కువకి బిగించి, డీఎస్‌సీపీ 46 గుర్తున్న (అంటే మాట మోసే) ప్యాకెట్లను ముందు పంపమని పెట్టాలి. వైఫై మీద డెస్క్ ఫోన్ మాత్రం పెట్టకండి.

రెండో పెద్ద తలనొప్పి: వచ్చిన కాల్ ఎత్తిన తర్వాత దాదాపు 32 సెకన్లకి తెగిపోవడం. ప్రతిసారీ అదే సమయానికి తెగుతోందంటే లైను నాణ్యత తప్పు కాదు. ఎత్తామని మన పీబీఎక్స్ చెప్పిన మాటకి అవతలి నుంచి రావాల్సిన ‘ఏసీకే’ (అందింది అనే జవాబు) చేరడం లేదు. మళ్లీ మళ్లీ చెప్పి, 32 సెకన్లు చూసి, పీబీఎక్స్ కాల్ వదిలేస్తుంది. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఆఫీసు లోపలి ఐపీ చిరునామా బయటికి వెళ్లిపోవడం, దాంతో జవాబు మనదాకా రాకపోవడం. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (కాల్ సందేశాల్లోని చిరునామాలను మార్చే ఫీచర్) ఆపేసి, పీబీఎక్స్‌లో బయటికి కనిపించే పబ్లిక్ ఐపీ సరిగ్గా రాస్తే పోతుంది. ఒకవైపే మాట వినిపించే జబ్బుకీ మొదట చూడాల్సింది ఇదే. తర్వాత ఆర్‌టీపీ పోర్టులు (మాట వచ్చిపోయే దారులు) చూడండి.

భద్రత విషయంలో నిర్లక్ష్యం అస్సలు పనికిరాదు. సిప్ కాల్స్ వచ్చే 5060 పోర్టుని ప్రపంచానికంతటికీ తెరిచి, ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని పెడితే, ఎవరో రాత్రికి రాత్రి మీ ఖాతాలో విదేశాలకు కాల్స్ చేసుకుంటారు. బిల్లు మీకే వస్తుంది. ట్రంక్ ఇచ్చేవాళ్ల ఐపీలకే ఆ పోర్టు తెరవండి. అవసరం లేకపోతే అంతర్జాతీయ కాల్స్ మూసేయించండి.

పది ఫోన్ల లోపు ఆఫీసు, నెట్‌వర్క్ చూసే మనిషి లేడు అంటే సొంత పీబీఎక్స్ జోలికి పోకుండా క్లౌడ్ పీబీఎక్స్ (కంపెనీ తన సర్వర్లలోనే నడిపి ఇచ్చేది) తీసుకోవడం మేలు.

ఫ్యాక్స్, లిఫ్ట్ ఎమర్జెన్సీ ఫోన్, అలారం ఉంటే ఒక్క రాగి లైను దొరికినన్నాళ్లూ ఉంచుకోండి. ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపే టీ.38 పద్ధతి ఉన్నా పొడుగాటి ఫ్యాక్స్‌లు మధ్యలో ఆగుతూనే ఉన్నాయి. పాత నంబర్ కొత్త ట్రంక్ మీదికి మారి, దాని మీద బయటి నుంచి కాల్ వచ్చి మోగేదాకా పాత లైను రద్దు చేయమని మాత్రం రాసివ్వకండి. ముందే రద్దయితే నంబర్ చేజారిపోవచ్చు.