గ్లూకోమీటర్‌తో ఏడేళ్లు: రోజూ వేలు పొడుచుకోవడం ఎందుకు మానేశానంటే

షుగర్ బయటపడిన వారంలోనే మా అబ్బాయి మీటర్ కొనిచ్చాడు. ఏడేళ్లుగా అదే. అంకెలు కళ్లజోడు లేకపోయినా కనబడతాయి, చిన్న బొట్టు చాలు, మీటర్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఖర్చంతా రక్తపు బొట్టు అంటించే స్ట్రిప్పులదే, ఒక్కోటి 20 రూపాయల దాకా పడుతోంది.

మొదటి రెండేళ్లు పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి తప్పకుండా చూసుకునేదాన్ని. నేను వేసుకునే షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ ఒక్కటే. పొద్దున్నే 125 వస్తే ఆ రోజంతా హాయి, 140 వస్తే టిఫిన్ సహించేది కాదు. ఒకరోజు అనుమానమొచ్చి రెండు నిమిషాల తేడాతో పక్క వేలు పొడిస్తే ముందు 141, తర్వాత 126. చాలా టెన్షన్ పడ్డాను. డాక్టర్‌గారు చెప్పాకే తెలిసింది, ఇంట్లో వాడే మీటర్లకున్న ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణమే 100 దాటిన రీడింగుల్లో ల్యాబ్ కంటే 15 శాతం అటూ ఇటూ ఉన్నా ఒప్పుకుంటుందట. నన్ను రెండేళ్లు నిద్రపోనివ్వని పది, పదిహేను పాయింట్లు అందులోనే కలిసిపోతాయి!

"ఈ నంబర్లు చూసి ఇప్పటిదాకా ఏం మార్చారమ్మా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు, నా మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ అనే ల్యాబ్ పరీక్ష, మూడు నెలల సగటును శాతంలో చెబుతుంది) 6.6 దగ్గర నిలకడగా ఉంది, కాబట్టి రోజూ పొడవక్కర్లేదన్నారు. అమెరికాలో నార్త్ కరోలినాలో ఇన్సులిన్ వాడని 450 మందిని ఏడాదిపాటు గమనించి 2017లో వెలువరించిన అధ్యయనంలో కూడా రోజూ చూసుకున్నవాళ్లకీ చూసుకోనివాళ్లకీ మూడు నెలల షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇప్పుడు రెండు వారాలకో రోజు చూస్తాను, అదీ జంటగా: తినే ముందు ఒకటి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు ఒకటి. నాకు నిజంగా పనికొచ్చింది ఇదే. నాలుగు ఇడ్లీలు నాకు 70 పాయింట్లు పెంచుతున్నాయని, రెండు పెసరట్లు 35 దగ్గరే ఆగుతున్నాయని ఇలా చూశాకే అర్థమైంది, ఇడ్లీలు రెండుకు తగ్గించి సాంబారు ఎక్కువ పోసుకుంటున్నాను. ఆరు నెలలకోసారి ల్యాబ్‌లో మూడు నెలల షుగర్ మాత్రం మానను. జ్వరం వచ్చినా, మందు మారినా మళ్లీ రోజూ చూస్తాను. పోయినేడాది మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశాక నాలుగు రోజులు 240 దాకా వెళ్లింది, చూసుకోకపోతే తెలిసేదే కాదు.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలు గానీ వాడేవాళ్లు దయచేసి నా లెక్క పట్టుకోవద్దు, వాటితో షుగర్ మరీ పడిపోవచ్చు. మా అత్తగారికి ఇన్సులిన్. ఒక సాయంత్రం చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే చూశాం, 58. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూశాం. ఆవిడకు రోజూ చూడాల్సిందే, ఎన్నిసార్లో డాక్టర్ రాసిచ్చారు.

పొడిచే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. మామిడిపండు కోసిన చేత్తో చూసి ఒకసారి 210 అని హడలిపోయాను, కడుక్కుని చూస్తే 134. వేలి కొసన కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. స్ట్రిప్పులు ఇప్పుడు 25 డబ్బానే కొంటున్నాను, 50 ది తెస్తే అయిపోయేలోపే గడువు దాటిపోతోంది.