మెర్క్యురీ మిలాన్: బ్రాండు పోయిన కారుతో పదకొండేళ్ళు

2010 మోడల్ మెర్క్యురీ మిలాన్ సెడాన్‌ను నేను 2014 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి అది 41,000 మైళ్ళు తిరిగి ఉంది. ఇది రాస్తున్న నాటికి 1,63,000 మైళ్ళు దాటింది. నేను కొనేనాటికే ఆ బ్రాండు లేదు. తన బ్రాండుల్లో ఒకటైన మెర్క్యురీని ఎత్తివేస్తున్నట్టు ఫోర్డ్ కంపెనీ 2010 జూన్ 2న ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరులో మెక్సికోలోని హెర్మొసిల్లో ఫ్యాక్టరీలో మిలాన్ తయారీ ఆగిపోయింది. 2011 జనవరి 4న కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీ నుంచి చివరి మెర్క్యురీ కారు, ఒక గ్రాండ్ మార్క్విస్, బయటికి రావడంతో, ఎడ్సెల్ ఫోర్డ్ 1938లో మొదలుపెట్టిన ఆ పేరు మీద ఇక కార్లు రాలేదు. ఇవన్నీ తెలిసే కొన్నాను. అందువల్లనే ధర కూడా కలిసివచ్చింది. అదే వయసు, అదే ఇంజిన్ ఉన్న ఫోర్డ్ ఫ్యూజన్ కంటే ఇది బాగా తక్కువకు దొరికింది.

వద్దని చెప్పినవారే ఎక్కువ. దిక్కులేని బండిని కొంటున్నావు, రేపు చిన్న నట్టు ఊడిపోయినా ఎక్కడినుంచి తెస్తావు అని అడిగారు. పదకొండేళ్ళ తరువాత ఆ ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఏమిటంటే, నట్టు ఏ కొట్టులోనైనా దొరుకుతుంది, దొరకనిది దీపం. కారు లోపల కంటికి కనిపించకుండా తిరిగే, కదిలే, అరిగే భాగాలలో దాదాపు ఏ ఒక్కదానికీ నాకు కొరత రాలేదు. బయటికి కనిపించి, ఈ బండిని మిలాన్ అని గుర్తుపట్టేలా చేసే నాలుగైదు భాగాలే నన్ను నెలల తరబడి తిప్పాయి.

దీనికి కారణం ఈ కారు పుట్టుకలోనే ఉంది. మిలాన్, ఫోర్డ్ ఫ్యూజన్, లింకన్ ఎంకేజీ అనే మూడూ సీడీ3 అనే ఒకే ప్లాట్‌ఫారం, అంటే ఒకే అడుగు కట్టడం, మీద తయారైన తోబుట్టువులు. ఆ ప్లాట్‌ఫారానికి మూలం మొదటి తరం మాజ్డా 6. నా బండిలో ఉన్న 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ మాజ్డా వారి ఎల్ శ్రేణికి చెందినది, దాని శక్తి 175 హార్స్‌పవర్. ఫోర్డ్ ఎస్కేప్‌లోనూ, మెర్క్యురీ మారినర్‌లోనూ ఇదే ఇంజిన్ వచ్చింది. 6ఎఫ్35 అనే ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు కలిసి రూపొందించుకున్నాయి. కాబట్టి బానెట్ ఎత్తి చూస్తే మెర్క్యురీ అనేది అసలు కనిపించదు. కనిపించేదంతా లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన ఇతర కార్ల సరుకే.

ఈ సంగతి కౌంటర్ దగ్గర ఉన్నవారికి తెలియకపోవచ్చు. నాలుగో ఏట ముందు ఎడమ చక్రం దగ్గర నుంచి ఒక హోరు మొదలైంది. నలభై మైళ్ళ వేగం దాటగానే వినిపించేది. స్టీరింగును కొంచెం కుడివైపు తిప్పితే పెరిగేది, ఎడమవైపు తిప్పితే తగ్గేది. చక్రం తిరగడానికి ఆధారమైన హబ్ బేరింగ్ అరిగినప్పుడు వచ్చే శబ్దం అదే. నేను తీసుకువెళ్ళిన గ్యారేజీలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మెర్క్యురీ అని టైపు చేసి, తెర చూసి, ఈ భాగం ఇప్పుడు తయారు కావడం లేదు, బండి మార్చుకోవడం మంచిది అని తేల్చేశాడు. అక్కడ వాదించి లాభం లేదని బయటికి వచ్చి, మరో విడిభాగాల దుకాణంలో 2010 ఫ్యూజన్, 2.5 లీటర్ల ఇంజిన్, ముందు హబ్ అని అడిగాను. రెండు నిమిషాల్లో డబ్బా బల్ల మీదికి వచ్చింది, మూడు కంపెనీల సరుకులో ఏది కావాలని అడిగారు కూడా. ఆ సాయంత్రానికే బండి నిశ్శబ్దమైంది. అప్పటి నుంచి యంత్రభాగం ఏది కావలసివచ్చినా నేను మిలాన్ పేరు ఎత్తను. ఛాసిస్ నంబర్ అడిగేచోట మాత్రం జాగ్రత్తపడాలి. ఫ్యూజన్ నంబర్లు 3ఎఫ్ఏ అనీ, మిలాన్ నంబర్లు 3ఎంఈ అనీ మొదలవుతాయి కాబట్టి, నంబర్ కొట్టిన మరుక్షణం బండి అసలు పేరు బయటపడి, తెర మీద ఖాళీ జాబితా వచ్చే అవకాశం ఉంది.

ఇక దీపం కథ. 2019లో ఒక రాత్రి బండిని వెనక్కి తీస్తూ ఒక ఇనుప స్తంభానికి కుడివైపు మూల తగిలించాను. తప్పు పూర్తిగా నాదే. బంపర్ మీద గీత పడింది, టెయిల్ ల్యాంపు పగిలింది. మామూలు బల్బు ఉన్న దీపమైతే పైనున్న ఎర్ర ప్లాస్టిక్‌కు తాత్కాలికంగా టేపు అంటించి నెట్టుకురావచ్చు. మిలాన్‌లో ఎల్ఈడీలు దీపంలోనే అమరి ఉంటాయి, నీరు చేరితే మొత్తం యూనిట్ పోతుంది, మొత్తం యూనిట్‌నే మార్చాలి. ఫ్యూజన్ టెయిల్ ల్యాంపు ఆకారం వేరు, అది పట్టదు. కొత్తది ఎక్కడా లేదు. పాత కార్లను విప్పి భాగాలు అమ్మే యార్డుల జాబితాలు రోజూ చూడడం అప్పుడే అలవాటైంది. ఆరో వారంలో ఒకటి దొరికిందని సంబరపడి తెప్పించుకుంటే, అది 2006 నుంచి 2009 వరకు వచ్చిన పాత రూపానిది. ఫొటోలో తేడా తెలియలేదు కానీ, డిక్కీ లోపలి లైనింగ్ వెనక్కి లాగి, ప్లాస్టిక్ నట్లు విప్పి, దాన్ని గూట్లో పెట్టి చూస్తే అంచు వేలెడంత బయటికి నిలబడింది. రెండోసారి వచ్చింది సరైన మోడలే, సరైన సంవత్సరమే, కానీ ఎడమవైపుది. మూడోది నాలుగు నెలలకు కుదిరింది. ఆ ఎడమవైపు దీపాన్ని తిరిగి పంపించకుండా దాచుకున్నాను. ఈ బండికి సంబంధించి నేను చేసిన తెలివైన పని అదొక్కటేనని ఇంట్లో అంటూ ఉంటారు.

గ్రిల్, ముందు బంపర్ కవర్, హెడ్‌లైట్లు, వెనుక బంపర్ కవర్ కూడా ఇదే వర్గంలోకి వస్తాయి. నిలువు పట్టీల గ్రిల్‌ను చూసే చాలామంది ఈ కారును గుర్తుపడతారు; ఫ్యూజన్ గ్రిల్‌లో మూడు అడ్డపట్టీలు ఉంటాయి కనుక ఒకదానికి మరొకటి పెట్టుకునే వీలే లేదు. హెడ్‌లైట్ల మీద ఎండకు పసుపు పొర కమ్మినప్పుడు ఇతర కార్లవాళ్ళు విసుగుపుట్టి కొత్తవి వేసుకుంటారు. నేను మాత్రం నీటి సాండ్‌పేపర్‌తో మూడు దశల్లో రుద్ది, పాలిష్ పెట్టి, అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేసుకుంటాను. రెండేళ్ళకొకసారి ఒక ఆదివారం మధ్యాహ్నం దీనికి పోతుంది.

ఇంజిన్ గురించి రాయవలసింది తక్కువ, అదే దాని గొప్ప. టైమింగ్ బెల్టు లేదు, గొలుసు ఉంది, కాబట్టి ఇన్ని మైళ్ళకు ఒకసారి బెల్టు మార్చాలన్న బెడద లేదు. 5డబ్ల్యూ-20 రకం ఇంజిన్ నూనెను 5,000 మైళ్ళకొకసారి మార్చాను. స్పార్క్ ప్లగ్గులను 1,00,000 మైళ్ళ దగ్గర ఒకసారి మార్చాను. హైవే మీద గ్యాలనుకు 30 మైళ్ళ దాకా వస్తుంది, ఊళ్ళో 22 దాటదు.

గేర్‌బాక్సు విషయంలో మాత్రం కొంచెం విడమరిచి చెప్పాలి. 6ఎఫ్35లో ఫిల్టర్ కేసింగ్ లోపల ఉంటుంది. గేర్‌బాక్సును కిందికి దించి విప్పితే తప్ప దాన్ని మార్చడం కుదరదు. కాబట్టి మన చేతిలో ఉన్నది ద్రవాన్ని శుభ్రంగా ఉంచడమే. కింద డ్రెయిన్ ప్లగ్గు విప్పితే ఒక్కసారికి మొత్తం ద్రవంలో సగానికి మించి దిగదు, మిగతాది ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందువల్ల నేను 30,000 మైళ్ళకొకసారి ఆ సగాన్ని తీసి కొత్త మెర్కాన్ ఎల్‌వీ ద్రవం పోస్తాను. మొదటిసారి దిగిన ద్రవం కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. మూడోసారికి ఎర్రదనం కనిపించింది. డబ్బా మీద అన్ని కార్లకూ సరిపోతుందని రాసి ఉన్న ద్రవాలను పోయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఈ ద్రవం పేరులో మెర్క్యురీ గుర్తుకొచ్చే శబ్దం ఒకటి మిగిలిపోవడం చూసి ప్రతిసారీ నవ్వుకుంటాను.

సస్పెన్షన్‌లో ఖర్చు ఎక్కువ. మాజ్డా 6 నుంచి వచ్చిన ముందు అమరికలో ఒక్కో చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే ఆర్మ్‌లు పైన ఒకటి, కింద విడివిడిగా రెండు ఉంటాయి. మలుపుల్లో ఈ కారు ఒదిగి తిరగడానికి కారణం అదే, వయసు మీదపడ్డాక అరిగే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు ఎక్కువ కావడానికీ కారణం అదే. 1,10,000 మైళ్ళ దగ్గర గతుకుల మీద టకటకమని చప్పుడు మొదలైనప్పుడు మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని పట్టుకునే ముందు స్వే బార్ లింకులు మార్చాను. చప్పుడు సగమే తగ్గింది. ఆ తరువాత కింది ఆర్మ్‌లు మార్చితే పూర్తిగా పోయింది. లింకులు చవక కాబట్టి మొదట వాటినే మార్చడం సహజమే కానీ, జాకీ మీద చక్రాన్ని ఎత్తి ప్రై బారు అనే ఇనుప కడ్డీతో ఒక్కొక్క కీలును ఊపి చూసి ఉంటే నాకు ఒక రోజు కలిసివచ్చేది.

బ్రాండు పోయినా బాధ్యత పోలేదు. మెర్క్యురీ కార్ల వారంటీని, సర్వీసును ఫోర్డ్, లింకన్ డీలర్లు కొనసాగిస్తారని కంపెనీ అప్పుడే చెప్పింది. పేలి ముక్కలు ఎగిరే ప్రమాదమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల వ్యవహారంలో 2021 జనవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఆదేశం మీద ఫోర్డ్ సుమారు 30 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది, వాటిలో 2006 నుంచి 2011 వరకు వచ్చిన మిలాన్లు కూడా ఉన్నాయి. డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగు మార్పు ఫోర్డ్ డీలరు దగ్గర ఉచితంగా జరిగింది. పాత బండి కదా అని ఇలాంటి ఉత్తరాలను చించి పారేయకూడదు. రెండో, మూడో చేతికి మారిన బండికి ఉత్తరం పాత యజమాని చిరునామాకు పోవచ్చు, కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఛాసిస్ నంబరుతో ఆ భద్రతా సంస్థ జాబితాలో వెతుక్కోవడం నాకు అలవాటు.

తాళం విషయం చిన్నదే, కానీ ఆలస్యం చేస్తే ఖర్చు పెద్దది. ఈ కారు తాళంలో చిప్ ఉంటుంది. పనిచేసే తాళాలు రెండు చేతిలో ఉంటే మూడోదాన్ని ఏ పరికరం లేకుండా మనమే బండికి నేర్పించవచ్చు. ఒక్కటే ఉంటే డీలరు పరికరం కావలసిందే. నాకు అమ్మినవారు ఒక్కటే ఇచ్చారు. మొదటి వారంలోనే రెండోది చేయించుకున్నాను.

ఇన్సూరెన్సు గురించి కొత్తగా కొనేవారు ఆలోచించరు. బండి మార్కెట్ విలువ పడిపోయాక, బంపర్, హెడ్‌లైటు పోయే చిన్న ప్రమాదానికి కూడా రిపేరు అంచనా ఆ విలువకు దగ్గరగా వస్తుంది. పైగా ఆ భాగాలే దొరకనివి. అలాంటప్పుడు కంపెనీవారు మరమ్మతు చేయించకుండా బండిని టోటల్ లాస్ కింద రాసేస్తారు. ఇంజిన్ నిక్షేపంలా ఉన్న మిలాన్లు యార్డులకు చేరడానికి ఇదొక ముఖ్య కారణం అని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే నేను యార్డుల్లో చూసిన వాటిలో ఎక్కువ భాగం ముందో వెనుకో నలిగినవే. మిగిలిన దీపాలు కూడా అలాగే పోతున్నాయి. ఢీకొన్నప్పుడు సొంత బండికి జరిగే నష్టానికి ఉన్న కొలిజన్ కవరేజీని నేను మూడేళ్ళ కిందట తీసేసి, ఇతరులకు జరిగే నష్టానికి ఉన్న కవరేజీని పెంచుకున్నాను.

ఫ్యూజన్ ఉన్నంతకాలం మిలాన్‌కు దిగులు లేదని నేను ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఫ్యూజన్ తయారీ కూడా 2020లో ఆగిపోయింది. అయినా ఆ కార్లు రోడ్ల మీద ఇంకా చాలా ఉన్నాయి, వాటికోసం బయటి కంపెనీలు బేరింగులు, ఆర్మ్‌లు, బ్రేకులు తయారుచేస్తూనే ఉన్నాయి. ఇంతవరకు సరఫరాలో తేడా కనిపించలేదు.

ఈనాడు ఎవరైనా మిలాన్ కొనదలిస్తే, చూసే వరుసను తలకిందులు చేయమని చెబుతాను. అందరూ ముందు ఇంజిన్ చప్పుడు వింటారు, చివర్లో బండి చుట్టూ తిరుగుతారు. ఇక్కడ మొదట నాలుగు దీపాలూ, రెండు బంపర్లూ, గ్రిల్లూ చూడాలి. దీపాల లోపల తేమ మెరుస్తోందా అని టార్చి వేసి చూడాలి. టెయిల్ ల్యాంపుల్లో ప్రతి ఎల్ఈడీ వెలుగుతోందో లేదో బ్రేకు తొక్కించి లెక్కపెట్టాలి. అవి బాగుంటే ఇంజిన్ దగ్గరికి వెళ్ళవచ్చు. అమ్మేవారు పాత గ్రిల్లో, పగిలిన దీపమో పక్కన పడేసి ఉంటే దాన్ని కూడా బేరంలో కలిపి అడగాలి. నా దగ్గర ఉన్న ఎడమవైపు దీపం మాత్రం అమ్మకానికి లేదు.