ఇనుమా, కర్రా, కాంక్రీటా? లోపలికి వెళ్లే ఫైర్‌మన్‌కు ఏది మేలు

ఎదురెదురుగా రెండు కట్టడాలు అంటుకున్నాయనుకోండి. ఒకటి ఇనుప ట్రస్సుల మీద, అంటే సన్నటి ముక్కలను త్రికోణాలుగా కలిపిన చట్రాల మీద, రేకులు వేసిన పెద్ద షెడ్డు. రెండోది అడుగు మందం కర్ర దూలాలతో కట్టిన పాత గోదాము. రెండింట్లోనూ మంట మొదలై పావుగంట దాటింది, రెండింట్లోనూ మనుషులు చిక్కుకుని ఉండొచ్చు. ఏది ముందు కూలుతుంది? కొత్తగా శిక్షణకు వచ్చినవాళ్లలో చాలామంది గోదామే అంటారు. కర్ర కాలుతుంది, ఇనుము కాలదు కదా అన్నది వాళ్ల లెక్క. నన్నడిగితే గోదాములోకి వెళ్లొచ్చు, షెడ్డు దగ్గర మాత్రం గుమ్మంలోనే ఆగి ఆలోచించాలి. కాలడం వేరు, కూలడం వేరు.

కట్టించేవాడు ఖర్చు చూసుకుంటాడు, ఉండేవాడు సౌకర్యం చూసుకుంటాడు. ఫైర్‌మన్ బరువు చూడాలి. పైకప్పు, అంతస్తులు, గోడలు తమ సొంత బరువును ఎప్పుడూ మోస్తూనే ఉంటాయి. దానికి సామాన్లు, మనుషులు తోడవుతారు. మంట వచ్చి ఆ బరువును మోసేవాటిని ఒక్కొక్కటిగా తినేస్తుంటే, మనం కింద నిలబడి పైనుంచి నీళ్ల బరువు కూడా కలుపుతాం. అందుకే ఏ కట్టడాన్నైనా నేను మూడు ప్రశ్నలతో తూస్తాను. ఎంతసేపు నిలబడుతుంది? కూలే ముందు ఏమైనా చెబుతుందా? కూలితే ఒక మూల కూలుతుందా, మొత్తం వస్తుందా?

ముందు ఇనుము సంగతి. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీలు కావాలి, మామూలు మంట అంత వేడెక్కదు కదా అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. కరగాల్సిన పనే లేదు. 550 నుంచి 600 డిగ్రీలకు వచ్చేసరికి ఉక్కు బలం దాదాపు సగానికి పడిపోతుంది. ప్రయోగశాలల్లో కట్టడాలను పరీక్షించే ప్రామాణిక మంట అయిదు నిమిషాల్లోనే 570 డిగ్రీలు దాటుతుంది, అరగంటకు 840కి చేరుతుంది. పూత గానీ తొడుగు గానీ లేని సన్నటి ట్రస్సు ముక్కలు ఆ వేడిని ఇట్టే లాక్కుంటాయి. షెడ్డులో మంట నేల మీద ఉన్నా వేడి పొగ చేరేది పైకప్పు కిందికే, ట్రస్సులు ఉండేదీ అక్కడే. అవి వంగుతున్నా, కింద నిలబడినవాడికి పొగ అడ్డం వచ్చి ఆ వంకర కనబడదు.

వేడికి ఇనుము సాగుతుంది కూడా. పది మీటర్ల దూలం మరో 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. అది పోయేదెక్కడికి? రెండు చివర్లా గోడల్లో కూర్చుని ఉంటే గోడను బయటికి తోస్తుంది. లోపల మంట, బయట గోడ పక్కన నిచ్చెన వేసుకుని మనవాళ్లు. చాలామంది దృష్టి లోపలి దూలం మీద ఉంటుంది గానీ, ఆ దూలం ఎవరి మీదికి గోడను నెడుతోందో చూడరు. ఇనుము ఇంకా వంగక ముందైతే దాని మీద నీళ్లు కొట్టి చల్లార్చడమే మంచి పని. వేడి ఇనుము మీద నీళ్లు పడితే విరిగిపోతుందని భయపడి మానేయకండి. ఆ భయం పాతకాలపు పోత ఇనుప స్తంభాల విషయంలో న్యాయమే, అవి పెళుసు. ఇప్పటి ఉక్కుకు అది వర్తించదు.

ఇనుమంతా ఒకటి కాదు, అది కూడా చెప్పాలి. 2005 ఫిబ్రవరిలో మాడ్రిడ్ నగరంలో 32 అంతస్తుల ఆఫీసు భవనం ఒకటి రాత్రంతా కాలింది. నడుమ కాంక్రీటు గుండె, చుట్టూ ఇనుప స్తంభాలు. అప్పటికి ఆ భవనంలో ఇనుముకు మంట తట్టుకునే పూత వేసే పని నడుస్తోంది. కింది అంతస్తుల్లో దాదాపు పూర్తయింది, పై అంతస్తులకు ఇంకా చేరలేదు. పూత లేని పై అంతస్తుల చుట్టుపక్కల భాగాలు అంతస్తు మీద అంతస్తుగా విరిగి పడ్డాయి. 17వ అంతస్తు దగ్గరున్న బలమైన కాంక్రీటు వేదిక ఆ పతనాన్ని ఆపింది. పూత పడిన కింది భాగం నిలిచింది, కాంక్రీటు గుండె నిలిచింది. ఒకే మంట, ఒకే భవనం. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ప్రాణనష్టం లేదు, ఎందుకంటే లోపల పోరాడటం లాభం లేదని సిబ్బంది వెనక్కి వచ్చారు. 2017 జనవరిలో టెహ్రాన్‌లోని ప్లాస్కో భవనం దగ్గర అలా జరగలేదు. 1960ల నాటి 17 అంతస్తుల ఇనుప కట్టడం, నిండా బట్టల దుకాణాలు, కుట్టు పనివాళ్లు. మంట మొదలైన మూడు గంటల పైచిలుకు తర్వాత మొత్తం కూలిపోయింది. లోపలున్న 16 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

ఇక కర్ర. లావు దూలం కాలడాన్ని దగ్గరగా చూస్తే చాలా విషయం తెలుస్తుంది. పై పొర బొగ్గవుతుంది. ఆ బొగ్గే లోపలి కర్రకు దుప్పటి కప్పినట్టు కాపు కాస్తుంది. బొగ్గు పొర కింద కాస్త లోతుకు వెళ్తే కర్ర ఇంకా పచ్చిగా, బలంగానే ఉంటుంది. బొగ్గు లోపలికి దిగే వేగం నిమిషానికి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. అంటే అరగంటకు ఒక్కో పక్క 2 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల దూలం నాలుగు పక్కలా అరగంట కాలినా మధ్యలో 26 సెంటీమీటర్ల గట్టి కర్ర మిగులుతుంది. అదే 5 సెంటీమీటర్ల మందం వాసం రెండు పక్కలా కాలితే అదే అరగంటకు మిగిలేది ఒక సెంటీమీటరు. చెట్టు ఒకటే కావచ్చు, మందం మారితే ఫలితం తారుమారు. పైగా లావు దూలం మూలుగుతుంది, కిందికి జారుతుంది, చిటచిటలాడుతుంది. వినే చెవి ఉంటే చెబుతూనే ఉంటుంది.

కాబట్టి 'కర్ర కట్టడం' అని ఒకే పేరు పెట్టి తీర్పు చెప్పడం పొరపాటు. అమెరికాలో ఇప్పుడు ఎక్కువగా కడుతున్నది తేలిక కర్ర. సన్నటి చీలికలను ముళ్ల రేకులతో కలిపి ట్రస్సు చేస్తారు, లేదా చెక్క పొట్టు పలకను నిలబెట్టి పైనా కిందా పట్టీలు అతికించి దూలంలా వాడతారు. ముళ్ల రేకు కర్రలోకి దిగేది ఒక సెంటీమీటరు మాత్రమే. చుట్టూ కర్ర కాస్త బొగ్గయితే చాలు, పట్టు వదిలేస్తుంది. అక్కడ భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ నేల కింద సీలింగ్ లేకుండా పరీక్షించినప్పుడు పాత పద్ధతి నిండు కర్ర వాసాల నేల 18 నిమిషాల పైన నిలిచింది. పలకకు పట్టీలు అతికించిన దూలాల నేల ఆరు నిమిషాలకే కూలింది. ఆరు నిమిషాలంటే బండి స్టేషను నుంచి బయలుదేరి వచ్చేలోపే అయిపోయినట్టు. మన గడియారం మనం చేరుకున్నప్పుడు మొదలవుతుంది, కట్టడం గడియారం మంట అంటుకున్నప్పుడే మొదలైంది.

ట్రస్సు ఏదైనా సరే, ఇనుపదైనా కర్రదైనా, నాకు నమ్మకం తక్కువ. దాంట్లో ప్రతి ముక్కా మిగతా ముక్కల మీద ఆధారపడి నిలబడుతుంది. ఒక అతుకు ఊడితే ఆ బరువు పక్కవాటి మీదికి దూకుతుంది, అవీ అప్పటికే కాలి ఉంటాయి. 1988 జులై 1న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో ఒక కార్ల దుకాణం కప్పు అలాగే కూలింది. విల్లులా వంగిన కర్ర ట్రస్సులు, ఆ పైన అటకలో సామాన్లు. అయిదుగురు ఫైర్‌మన్లు పోయారు.

కాంక్రీటు దగ్గరికి వస్తే మూడు ప్రశ్నల్లో మొదటిదానికి దీనంత మంచి జవాబు ఇంకొకటి ఇవ్వదు. గంటల తరబడి నిలుస్తుంది. మంటలో పెచ్చులు ఊడతాయి, అది మామూలే. పెచ్చు ఊడి లోపలి కమ్మీలు బయటపడ్డాయా అన్నది చూడాలి. కమ్మీల మీద రెండు మూడు సెంటీమీటర్ల కాంక్రీటు ఉన్నంతసేపే వాటికి రక్షణ. అది పోయాక అవీ ఉక్కే, ఇందాక చెప్పిన లెక్కే వాటికీ వర్తిస్తుంది. లాగి బిగించిన తీగలతో చేసిన కాంక్రీటైతే ఇంకా జాగ్రత్త. ఆ తీగల ఉక్కు 400 డిగ్రీల దగ్గరే సగం బలం పోగొట్టుకుంటుంది. బయటినుంచి చూస్తే మామూలు కాంక్రీటుకూ దీనికీ తేడా కనిపెట్టలేం. పొడవైన పార్కింగ్ కప్పు, నడుమ స్తంభాలు లేని పెద్ద హాలు కనిపిస్తే అది ఇదే అనుకుని మెలగడం మంచిది.

కాంక్రీటుకు ఇంకో చెడ్డ గుణం ఉంది. వేడిని పట్టుకుని వదలదు. రేకుల షెడ్డు కప్పు చిల్లు పడి పొగ పైకి పోతుంది, కాంక్రీటు గదిలో ఆ దారి ఉండదు. కట్టడం నిలుస్తుంది, లోపలికి వెళ్లినవాడు ఉడికిపోతాడు. ఇక కట్టడం నిలిచినంత మాత్రాన మనుషులు బతుకుతారనీ కాదు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ 24 అంతస్తుల కాంక్రీటు భవనం, 2017 జూన్ 14 నాటి మంటకు అది కూలలేదు. బయట అతికించిన ప్లాస్టిక్ నింపుడు పలకల మీదుగా మంట పైదాకా పాకి 72 మంది చనిపోయారు. స్తంభాలు, దూలాలు ఎంత బాగున్నా గోడకు పైన ఏం తొడిగారో చూడకపోతే లెక్క సగమే. ఇంకా కడుతున్న కాంక్రీటు భవనమైతే నేను చెప్పిన మంచి మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను. స్లాబు ఇంకా పచ్చిగా ఉండి సెంట్రింగ్ కర్రల మీద నిలబడి ఉంటే, ఆ కర్రలు కాలితే స్లాబుకు ఆధారం ఉండదు.

ఇటుక గోడలు, లోపల కర్ర అంతస్తులు ఉన్న పాత కట్టడాల గురించి మళ్లీ గోడ దగ్గరికే రావాలి. ఆ గోడను నిలబెట్టేది ఇటుక ఒక్కటే కాదు, అంతస్తుల వాసాలు దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి. వాసాలు కాలి పడిపోతే ఎత్తైన ఒంటి గోడ మిగులుతుంది. పాత మేస్త్రీలు కొన్నిచోట్ల వాసం చివరను గోడలో ఏటవాలుగా కోసి కూర్చోబెట్టేవారు. కాలిన వాసం పడేటప్పుడు గోడను పెకలించకుండా జారి పడాలని. గోడను కాపాడే ఉపాయమే, కానీ ఆ నేల మీద నిలబడినవాడి సంగతి వేరు, అంతస్తు సులువుగా జారిపోతుంది. పిట్టగోడలు మరీ ప్రమాదం. పైన ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఉంటాయి, ఒకచోట కదిలితే గొలుసులా పొడవునా రాలతాయి. అందుకే గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరూ నిలబడకూడదన్నది పని సూత్రం. పాత సున్నపు గార గోడలైతే పైపు ధారకు అతుకుల్లోని సున్నం కూడా కొట్టుకుపోతుంది.

గోడకు కన్నం పెట్టి లోపలికి వెళ్లాల్సి వస్తే ఏ కట్టడం మేలు? ఇక్కడ సందేహమే లేదు, పిల్లర్లు, బీములు ఉన్న ఫ్రేమ్ కట్టడం. అందులో నడుమ గోడ అడ్డుతెర లాంటిదే, పగలగొట్టినా పైన ఏమీ కదలదు. గోడల మీదే బరువు నిలిచిన ఇంట్లో అదే పని చేస్తే పైకప్పును మనమే కిందికి లాగినట్టు.

నీళ్ల సంగతి అన్ని కట్టడాలకూ ఒకటే, అయినా మరిచిపోయేది ఎక్కువ. నిమిషానికి 500 లీటర్లు పోసే ఒక పైపు 20 నిమిషాల్లో 10 టన్నుల నీళ్లు లోపలికి పంపుతుంది. అంతా బయటికి పారదు. దూది బేళ్లు, కాగితం కట్టలు పీల్చుకుని బరువెక్కుతాయి, ఉబ్బి గోడలను కూడా తోస్తాయి. 1972 జూన్ 17న బోస్టన్‌లో వెండోమ్ హోటల్ మంట ఆరిపోయింది. సిబ్బంది లోపల మిగిలిన నిప్పు వెతుకుతుండగా ఒక మూల కూలి తొమ్మిది మంది చనిపోయారు. మరమ్మతుల పేరుతో ఎప్పుడో ఒక గొట్టం దారి కోసం, బరువు మోసే గోడను ఒక స్తంభం కిందే కోసి బలహీనం చేశారు. పై అంతస్తుల్లో చేరిన నీళ్ల బరువు దానికి తోడైంది. మంట ఉన్నంతసేపూ నిలిచిన కట్టడం మంట ఆరాక పడింది. కట్టినప్పటి కాగితాలు చూసి ఎవరూ దాన్ని ఊహించలేరు.

వరస చెప్పమంటే ఇలా చెబుతాను. సీలింగ్ లేకుండా కనబడే మామూలు కాంక్రీటు ఫ్రేమ్ అన్నిటికన్నా మేలు. తర్వాత పూత చెదరకుండా ఉన్న ఇనుము, లావు కర్ర దాదాపు సమానం. వాటిలో కర్రకు ఒక మెట్టు ఎక్కువిస్తాను, అది ముందే చెబుతుంది కాబట్టి. ఇనుముకు పూత ఉందో లేదో కాదు, ఏసీ గొట్టం బిగించిన పనివాడు దాన్ని ఎక్కడెక్కడ గీకేశాడో చూడాలి. ఆ తర్వాత ఇటుక గోడలు, కర్ర అంతస్తుల పాత కట్టడం. అట్టడుగున పూత లేని ఇనుప షెడ్డు, దాని పక్కనే తేలిక కర్ర ట్రస్సు. ఆ రెండింట్లో మనిషి ఉన్నాడని గట్టిగా తెలిస్తే తప్ప, కప్పు దాకా మంట చేరాక లోపలికి వెళ్లనివ్వను.

ఫాల్స్ సీలింగ్ ఈ వరసను ఏ చోటైనా మార్చేయగలదు. జిప్సం పలకలో బరువులో అయిదో వంతు నీరు కలిసి ఉంటుంది, ఆ నీరు ఆవిరయ్యేదాకా వెనకున్న దూలానికి వేడి తగలదు. అది ఎంతో సాయం. అదే పలక పైనున్న ఖాళీలో మంట పాకుతుంటే కింద నిలబడినవాడికి ఏమీ తెలియనివ్వదు. లోపలికి అడుగుపెట్టగానే గుమ్మం దగ్గరే కొక్కెంతో ఒక పలక ఊడదీసి పైన ఏముందో చూడండి. దూలాలు లావుగా ఉన్నాయా సన్నగా ఉన్నాయా, ముళ్ల రేకులు మెరుస్తున్నాయా, పొగ ఎటు పోతోందో అక్కడే తెలుస్తుంది.