తొమ్మిది అడుగుల ఇల్లు-బండిలో పన్నెండు రాత్రులు: ఇద్దరికి ఎంత చోటు చాలు?

నేను ఉపాధ్యాయ ఉద్యోగం నుంచి విరమణ పొందిన తరువాత, ఏడాదిలో ఏడెనిమిది నెలలు నల్లగొండలోని ఇంటికి తాళం వేసి ఊళ్లు తిరుగుతూ బతకాలని నేనూ నా భార్యా అనుకున్నాము. ఎక్కడికి వెళ్లాలన్న విషయంలో మా మధ్య పేచీ రాలేదు కానీ, ఎంత పెద్ద బండి కావాలన్న దగ్గర మాత్రం నెలల తరబడి చర్చ సాగింది. ఆమె మినీ బస్సు కంటే చిన్నదైతే ఉండలేమంటుంది, నేను సరుకులు మోసే చిన్న ట్రక్కు వెనుక భాగమైనా చాలంటాను. సొంతంగా బండి చేయించుకోవడానికి లక్షలు ఖర్చు పెట్టే ముందు, రెండు అభిప్రాయాలకూ మధ్యస్థంగా ఉన్న ఒక క్యాంపర్ వ్యాన్‌ను అద్దెకు తీసుకుని చూడటం మంచిదనిపించింది. జనవరి చివర్లో తొమ్మిది రాత్రులు, ఏప్రిల్ చివరి వారంలో మూడు రాత్రులు అందులో గడిపాము. అద్దెకిచ్చిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. బండి బాగోగుల కంటే దాని కొలతలే నాకు ముఖ్యం, ఎందుకంటే ఇలాంటి కొలతలతోనే చాలామంది బండ్లు తయారు చేయిస్తున్నారు.

లోపలి పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఐదడుగుల రెండంగుళాలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. అంటే నేల వైశాల్యం సుమారు 46 చదరపు అడుగులు. మన రాష్ట్రంలో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు కనుక, ఈ బండి దానిలో పన్నెండో వంతు. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంట్లో ఒకే నివాస గది ఉంటే అది 9.5 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 102 చదరపు అడుగులకు తగ్గకూడదు. మా బండి అందులో సగం కూడా లేదు. అద్దె రోజుకు 3,500 రూపాయలు, దానికి 200 కిలోమీటర్ల పరిమితి, డీజిల్ మన ఖర్చు, ధరావతు 10,000 రూపాయలు.

బండి రావడానికి వారం ముందు నా భార్య మా హాలులో ముగ్గుపిండితో సరిగ్గా అదే కొలతలో ఒక చతురస్రాకారపు గీత గీసింది. నిజానికి దీర్ఘచతురస్రం అనాలి, లెక్కల మాస్టారు ఇంట్లో ఆ పొరపాటు ఉండకూడదు. ఒక శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం వరకు, స్నానానికీ దొడ్డికీ తప్ప ఆ గీత దాటకుండా అందులోనే పడుకుని, వండుకుని, చదువుకున్నాము. ఎంతో తేలికగా గడిచిపోయింది. ఆ ప్రయోగాన్ని నమ్మి ఇంకా చిన్న బండి చాలని నేను వాదించాను కూడా. గీతకు గోడలు ఉండవని, మోచేయి గీత దాటినా ఎవరూ ఆపరని, హాలులోని గాలీ వెలుతురూ అంతా మాదేనని నాకు అప్పుడు తట్టలేదు. ఈ పరీక్ష ఎవరైనా చేయదలచుకుంటే గీత చుట్టూ బీరువాలూ నిలువు చాపలూ ఆనించి, పైన ఒక దుప్పటి కట్టి చేయాలని నా సలహా.

మొదటి రాత్రి నాగార్జునసాగర్ హిల్ కాలనీలో బంధువుల ఇంటి ముందు ఆగాము. పగలు సోఫాగా ఉండి రాత్రి మంచంగా మారే అమరిక ఈ బండి ప్రధాన ఆకర్షణ అని అద్దెకిచ్చినవారు గొప్పగా చెప్పారు. మంచం వేస్తే ఆరడుగుల రెండంగుళాల పొడవు, నాలుగడుగుల వెడల్పు వస్తుంది, పడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా మంచంగా మార్చడంలోనే ఉంది. ముందు బల్ల మడవాలి, బల్ల మీది సామాను వంట గట్టు మీదికి మార్చాలి, వంట గట్టు మీది గిన్నెలను డ్రైవరు సీటులోకి చేర్చాలి, ఆ తరువాత దిండ్లు తీసి చెక్క పలకను లాగాలి. ఆ పలక జారే ఛానెల్ రెండో రోజుకే ఇరుక్కుపోయింది, కొబ్బరి నూనె పోసి నెట్టుకొచ్చాము. మూడు రోజులు గడియారం పెట్టుకుని చూస్తే, రాత్రి వేయడానికీ పొద్దున తీయడానికీ కలిపి సగటున ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. నాలుగో రోజు నుంచి మేము మంచాన్ని తీయడమే మానేశాము. అప్పటి నుంచి నేలలో సగానికి పైగా మంచమే ఆక్రమించినా, బండి విచిత్రంగా విశాలంగా అనిపించింది. ఒక పని మొదలుపెట్టాలంటే ఎన్ని వస్తువులు పక్కకు జరపాలన్నదే చోటుకు సరైన కొలమానమని, చదరపు అడుగుల లెక్క దాని తరువాతదని నేను అక్కడే గ్రహించాను.

ఆ కొలమానంతో చూస్తే ఈ బండిలో అన్నిటికంటే పెద్ద దోషం మంచం కాదు, నీళ్లు. వంట గట్టు కింద 60 లీటర్ల ట్యాంకు ఉంది, పాదంతో నొక్కే పంపు ఉంది, రెండూ చక్కగా పనిచేశాయి. చెంబుతో పొదుపుగా స్నానం చేస్తే, గిన్నెలు కడగడంతో సహా ఇద్దరికీ రోజుకు సుమారు 20 లీటర్లు సరిపోయాయి కనుక మూడు రోజులకు ఒకసారి నింపుకుంటే చాలు. అయితే ఆ ట్యాంకులో దొరికినచోటల్లా బోరు నీళ్లే పోస్తాము. నల్లగొండ జిల్లాలో పుట్టిపెరిగినవారికి బోరు నీళ్లు తాగడం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ వల్ల వంకరపోయిన కాళ్లను చూస్తూ పెరిగిన తరం మాది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితిని మా ప్రాంతంలో పిల్లలు కూడా చెప్పగలిగేవారు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, మామూలు వడపోత గుడ్డలతోనూ పోదు. అందువల్ల తాగడానికీ వండటానికీ ఊరూరా నీళ్ల ప్లాంటు దగ్గర 20 లీటర్ల క్యాన్ కొనుక్కున్నాము.

ఆ క్యాన్‌కు ఈ బండిలో చోటు లేదు. దాని వ్యాసం దాదాపు పదకొండు అంగుళాలు, మంచానికీ గోడకూ మధ్య ఉన్న నడవ వెడల్పు పధ్నాలుగు అంగుళాలు. తొమ్మిది రోజులూ అది నడవలోనే కూర్చుంది. అటూ ఇటూ కదలాల్సిన ప్రతిసారీ దాన్ని దాటడమో జరపడమో తప్పలేదు, మలుపుల్లో దొర్లకుండా దానికి చీర కొంగుతో కట్టు కట్టాల్సి వచ్చింది. ఎక్కడో కొండ ప్రాంతాల్లో వాగు నీళ్లు నింపుకునే బండ్లను చూసి గీసిన నమూనా ఇది. దక్షిణ తెలంగాణలో తిరగడానికి బండి చేయించుకునేవారు తాగునీటికి వేరే చోటు కేటాయించకపోతే, మిగిలిన ఏర్పాట్లు ఎంత అందంగా ఉన్నా వృథా.

వంట గట్టు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. టీ కాచుకోవడానికీ అన్నం వండుకోవడానికీ అది సరిపోతుంది. అచ్చంపేటలో జొన్న పిండి కొని, మన్ననూరు దగ్గర రొట్టెలు చేయబోతే మాత్రం పధ్నాలుగు అంగుళాల గట్టు మీద చేయి తిరగక నా భార్య మోచేయి మూడుసార్లు అలమారకు తగిలింది. పీట కింద పెట్టుకుని బయట కూర్చుని కొట్టింది, పచ్చి పులుసు కూడా అక్కడే కలిపింది. ఆ పూట నుంచి వంట మొత్తం బయటికి వెళ్లిపోయింది. బండి పక్క నుంచి లాగే ఆరడుగుల నీడగుడ్డ కింద ఒక చాప, ఒక పొయ్యి ఉంటే అదే మా వంటిల్లు, అదే మా అరుగు. లోపలి గట్టును సగానికి తగ్గించినా మాకు నష్టం ఉండదు.

అక్కడి నుంచి శ్రీశైలం వైపు అడవిలోకి వెళ్లి బండి నిలుపుకోవాలని ఎవరైనా ఆశపడితే, అది కుదరదని ముందే చెబుతున్నాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు ఆపేస్తారు, లోపల రోడ్డు పక్కన మకాం పెట్టనివ్వరు. మేము కొల్లాపూర్ మీదుగా సోమశిలకు వెళ్లాము.

సోమశిల దారిలో కోసిన చేనులో మంద పెట్టిన కురుమలు ఇద్దరు కనిపించారు. గొర్రెలు ఒక రాత్రి పడుకుంటే పొలానికి ఎరువు కనుక, రైతు వారికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. వారి సామాను ఏమిటని నేను కొంచెం అతిగానే ఆరా తీశాను. రెండు నల్ల గొంగళ్లు, ఒక టార్పాలిన్, మంద చుట్టూ కట్టే వల, నాలుగు గిన్నెలు, నీళ్ల డబ్బా. గొంగడి పరిస్తే పక్క, కప్పితే దుప్పటి, కొప్పెర పెట్టుకుంటే వానకు అడ్డు. పెద్దాయన మా బండి లోపలికి తొంగి చూసి, “ఇదంతా మీ ఇద్దరికేనా సారూ?” అని అడిగాడు. నా భార్యకు మినీ బస్సు మాట మళ్లీ ఎత్తే అవకాశం ఆ ప్రశ్నతో పోయిందని నేను సంతోషించాను కానీ, ఆయన లెక్క మాకు నేరుగా వర్తించదు. ఆయనకు చేను మొత్తం ఇల్లే, ఊళ్లో వెనుక ఒక ఇల్లూ ఉంది. పాలమూరు నుంచి పనుల కోసం వలస వెళ్లి టార్పాలిన్ డేరాల్లో నెలలు గడిపే కుటుంబాలను ఈ లెక్కలోకి తేవడం అసలే తగదు, ఆ ఇరుకు వారు కోరుకున్నది కాదు.

మరుగుదొడ్డి విషయంలో పత్రికల్లో రాసేవారు మొహమాటపడతారు కానీ, చోటు ఎంత కావాలన్నది చివరికి తేల్చేది అదే. మంచం కింద పెట్టెలో జరిపి పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ కమోడ్ ఇచ్చారు. రాత్రిపూట ఒకరు దాన్ని వాడాలంటే రెండోవారు మంచం మీద ముడుచుకుని కాళ్లు పైకి తీసుకోవాలి, తెర గుడ్డ ఒకవైపే ఉంది. ముప్పై నాలుగేళ్ల కాపురం తరువాత కూడా ఇది సులువు కాదు. జాతీయ రహదారి మీద, ముఖ్యంగా జడ్చర్ల నుంచి బీచుపల్లి వరకు, పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు దొరికాయి కనుక ఆ దారిలో గడిచిపోయింది. లోపలి దారుల్లో గడవలేదు. తలుపు ఉన్న రెండున్నర అడుగుల మూల ఒకటి ఉంటేనే తాను వస్తానని నా భార్య చెప్పింది, నాకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

అలంపూర్, గద్వాల మీదుగా మహబూబ్‌నగర్ చేరి, మూడెకరాలకు పైగా విస్తరించిందని చెప్పుకునే పిల్లలమర్రిని చూశాము. అంత నీడ ఉన్నా మా బండి బయట ఎండలోనే ఆగాలి కదా అనుకుంటూ చూశాము. జనవరిలో అది వేళాకోళం మాత్రమే. ఏప్రిల్‌లో అదే బండిని మళ్లీ తీసుకుని దేవరకొండ, డిండి వైపు వెళ్లినప్పుడు వేళాకోళం మిగలలేదు. మధ్యాహ్నం నాలుగింటికి లోపల థర్మామీటరు 43 డిగ్రీలు చూపింది, రాత్రి పదింటికి కూడా 36. రేకు కప్పుకు లోపల అంగుళం థర్మోకోల్ తప్ప మరేమీ లేదు. కప్పు మీద 200 వాట్ల సోలార్ పలక, లోపల 12 వోల్టుల 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నాయి. 28 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా బ్యాటరీలో పావు వంతు కూడా ఖర్చు కాలేదు, ఆ మేరకు ఏర్పాటు నిక్కచ్చిగా ఉంది. కానీ వేడి గాలిని తిప్పే ఫ్యాను వల్ల ఏం లాభం? ఒక టన్ను ఏసీకి గంటకు దాదాపు ఆ బ్యాటరీ మొత్తం కావాలి. ఆ మూడు రాత్రులూ మేము బయట చాప మీదే పడుకున్నాము, బండి సామాను పెట్టెగా మాత్రమే ఉపయోగపడింది. వేసవికి పెద్ద బండి కొన్నా ఇదే గతి కనుక, ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోనే ఉండాలని ఇద్దరమూ ఒప్పుకున్నాము.

సంస్థ సేవ గురించి రెండు మాటలు. బండి చెప్పిన సమయానికి వచ్చింది, టైర్లు కొత్తవి, కాగితాలు సక్రమంగా ఉన్నాయి. ఛానెల్ ఇరుక్కున్నప్పుడు ఫోను ఎత్తిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు కానీ చేసిందేమీ లేదు. ధరావతు ఎనిమిది రోజులకు, నాలుగు ఫోన్ల తరువాత తిరిగి వచ్చింది. చలికాలంలో వారం పది రోజులు తిరగాలనుకునే ఇద్దరికి ఈ బండిని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను, ఐదుకు మూడున్నర ఇస్తాను. ముగ్గురైతే వద్దు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కూడా వద్దు, ఎందుకంటే ఐదడుగుల ఏడంగుళాల ఎత్తులో నేను పన్నెండు రోజులూ తల వంచుకునే తిరిగాను.

మేము చేయించుకోబోయే బండికి లోపలి పొడవు తొమ్మిదిన్నర అడుగులని ఇద్దరమూ ఒప్పుకున్నాము. మంచం మడిచేది కాదు, వంట గట్టు ఒక అడుగే, తలుపున్న మూల రెండున్నర అడుగులు. నా భార్య మళ్లీ ముగ్గుపిండి తీసింది, ఈసారి హాలులో మొదట గీసింది క్యాన్‌కు పన్నెండంగుళాల గడి, దాని పక్కన మిగిలినదానిలో మంచం.