చక్రాలు నేలకు ఆనాకే బిగించే షెడ్డు

నేను పశువుల డాక్టరమ్మను. ఉండేది దేవరకొండలో, తిరిగేది ఎక్కువగా చందంపేట, నేరెడుగొమ్ము వైపు తండాల్లో. బండి 2013 నాటి పాత మహీంద్రా థార్ జీపు. ముందు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), వెనక కమాను పట్టీలు ఉన్న డీజిల్ రకం. 2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే కాబట్టి, టార్షన్ బార్ గురించి రాసింది ఆ బండివాళ్లకు పనికిరాదు. బుష్షుల సంగతి, అంటే చక్రాన్ని పట్టుకునే ఆర్ముల చివర ఉండే రబ్బరు కీళ్ల సంగతి, మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఈ బండికి ముందు ఆర్మ్ బుష్షులను ఏడాది తిరగకుండానే రెండుసార్లు మార్పించాను. మొదటిసారి చేసిన షెడ్డు పేరు రాయను, ఏ ఊళ్లో ఉందో కూడా చెప్పను. రెండోసారి చేసింది నల్గొండలో, పానగల్ వెళ్లే దారిలో లారీల షెడ్ల మధ్య ఉన్న చిన్న రేకుల షెడ్డు. బోర్డు లేదు. ముందర ఒక పాత లారీ క్యాబిన్ పడి ఉంటుంది, దాని మీదికి బీర తీగ పాకి ఉంటుంది. అదే గుర్తు. నడిపేది అరవై దాటిన పెద్దాయన. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను.

మొదట వచ్చిన జబ్బేమిటో చెప్పాలి. బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ పక్క కింద ‘టక్’మని ఒకే ఒక్క దెబ్బ. వెనక మందుల పెట్టె కదులుతోందనుకుని కాల్షియం సీసాల మధ్య పాత చీర ముక్కలు కుక్కాను. శబ్దం పోలేదు. పెట్టె మొత్తం దించేసి నడిపాను, అయినా పోలేదు. తర్వాత కొండమల్లేపల్లి దగ్గర సాగర్ రోడ్డెక్కి వేగం డెబ్బై దాటగానే బండి తనకు తోచిన దారి వెతుక్కోవడం మొదలుపెట్టింది. స్టీరింగును అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. బ్రేకు వేస్తే ఎడమకు లాగేది. చివరికి టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూస్తే గుండులా నున్నగా ఉంది, బయటి అంచు మీద మాత్రం గాడులు చక్కగా ఉన్నాయి.

ముందు చక్రాన్ని పట్టుకుని ఉండేవి పైన ఒకటి, కింద ఒకటి, రెండు ఆర్ములు. చక్రం వైపు బాల్ జాయింటు (బంతి కీలు), ఛాసిస్ (బండి అడుగు చట్రం) వైపు బుష్షులు. బుష్షంటే పెద్ద విచిత్రమేమీ కాదు: ఇనుప గొట్టంలో మరో చిన్న ఇనుప గొట్టం, రెండింటి మధ్య అతికి ఉన్న రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుసుకుని ఉంటుంది, లోపలి గొట్టాన్ని బోల్టు ఛాసిస్‌కు కదలకుండా పట్టేస్తుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు జారేది, తిరిగేది ఏదీ ఉండదు. రబ్బరు మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది, అంతే. ఎద్దు వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లు చేసే పనిలాంటిదే ఇది. ఆ రబ్బరు చినిగితే బ్రేకు వేసినప్పుడు ఆర్మ్ వెనక్కి జరిగి ఇనుము ఇనుముకు తగులుతుంది. నేను విన్న ‘టక్’ అదే.

మొదటి షెడ్డులో నాతో ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్న సహాయకుడితో మాట్లాడారు. ఆ కుర్రాడికి స్కూటీ తప్ప ఏదీ నడపడం రాదు. బుష్షులు పోయాయని అతనికే చెప్పారు, రేటు కూడా అతనికే చెప్పారు, డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా వైపు తిరిగారు. గ్యాస్ కట్టర్‌తో పాత రబ్బరును కాల్చి తీశారు. నల్లటి పొగ, గొంతు పట్టేసే వాసన. రెండున్నర గంటల్లో పని అయిపోయింది. ఎంత త్వరగా చేశారో అని నేను మురిసిపోయాను కూడా. ఏడు నెలలకు ‘టక్’ తిరిగి వచ్చింది, ఈసారి రెండు పక్కలా.

ఉస్తాద్ గురించి చెప్పింది ఒక లారీ డ్రైవరు, వాళ్ల గేదె ఈనిన రాత్రి. దూడ అడ్డం తిరిగి ఉంది, తెల్లవారుజామున మూడైంది బయటికి వచ్చేసరికి. చేతులు కడుక్కుంటుంటే, “మీ బండి శబ్దం మా తండా మలుపు నుంచే వినబడింది డాక్టరమ్మా, నల్గొండకు తీసుకెళ్లండి” అన్నాడు.

వెళ్లాను. ఉస్తాద్ ముందు బానెట్ ఎత్తలేదు, జాకీ పెట్టలేదు. నన్నే నడపమని పక్క సీట్లో కూర్చుని, “ఇక్కడ బ్రేకు వేయండమ్మా, ఇప్పుడు మెల్లగా, ఇప్పుడు గట్టిగా” అంటూ పానగల్ చెరువు దాకా వెళ్లి వచ్చారు. తర్వాత చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపారు, అది బాల్ జాయింటు కోసం. రెండు పక్కలా పట్టుకుని ఊపారు, అది స్టీరింగు రాడ్ల కోసం. రెండూ బాగానే ఉన్నాయన్నారు. “బాల్ జాయింట్లు ఇప్పుడు మార్చకండి, దండగ.” ఈ ఒక్క మాటకే ఆ షెడ్డుకు సగం మార్కులు వేయొచ్చు. అప్పుడు గడ్డపార మొన ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య పెట్టి మెల్లగా తోశారు. ఆర్మ్ వేలి మందాన జరిగింది. నన్ను పిలిచి నా చేత కూడా తోయించారు.

బుష్షులు బయటికి వచ్చాక ఒకటి నా చేతిలో పెట్టారు. రబ్బరు చుట్టూ చీలికలు, అన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయి, పిండిన గుడ్డ మడతల్లా. “ఇవి అరిగి పోలేదమ్మా. మెలిపెట్టి చంపారు.”

ఆయన చెప్పింది ఇది. బండిని జాకీ మీద ఎత్తితే చక్రాలు కిందికి వేలాడతాయి. ఆర్ములు కూడా వాలిపోతాయి. ఆ స్థితిలో బుష్షు బోల్టును గట్టిగా బిగిస్తే లోపలి గొట్టం అక్కడే పట్టుకుపోతుంది. తర్వాత బండిని కిందికి దించితే బరువుకు ఆర్మ్ పైకి లేస్తుంది, లోపలి గొట్టం కదలదు, రబ్బరు మధ్యలో మెలిపడుతుంది. అంటే బండి నిలబడి ఉన్నా రబ్బరుకు విశ్రాంతి లేదు. ఇంటి ముందు రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కూడా అది మెలిపడే ఉంది. దాని మీద తండా దారుల గుంతలు. ఏడు నెలలు ఆగడమే ఎక్కువ.

కొత్త బుష్షులు కంపెనీ డీలరు దగ్గర చెప్పి తెప్పించుకోవాల్సి వచ్చింది, 4 రోజులు పట్టింది. ఆన్‌లైన్‌లో ముదురు రంగుల్లో మెరిసే పాలీయురేథేన్ బుష్షులు చూసి అవి వేయమని నేనే అడిగాను. ఉస్తాద్ ఒప్పుకోలేదు. అవి గట్టివి, స్టీరింగు ఖచ్చితంగా ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ ప్రతి రాయి దెబ్బా ఛాసిస్‌కు చేరుతుంది, మొరం దుమ్ము పట్టి గ్రీజు ఎండితే కీచుమంటాయి, అప్పుడు మళ్లీ విప్పి సిలికాన్ గ్రీజు పెట్టాలి. పోటీలకు బండి తిప్పేవాళ్లకు అవి సరిపోవచ్చు. వెనక ఐసు డబ్బాలో గాలికుంటు టీకాలు పెట్టుకుని రోజంతా తిరిగే నాకు రబ్బరే మేలు. ఇందులో ఆయన మాట కాదనడానికి నాకు కారణం కనబడలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది విప్పిన తీరు. ముందుగా చదును నేల మీద చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, కొలతను సుద్దతో గోడ మీద రాశారు. టార్షన్ బార్ బోల్టు పక్కన తెల్ల రంగు చుక్క పెట్టి, ఎన్ని చుట్లు వదులు చేశారో లెక్కపెట్టి అదీ గోడకే ఎక్కించారు. మెలిపడి ఉన్న బార్ అది, వదులు చేయకుండా ఆర్మ్ విప్పితే చెయ్యి విరుగుతుంది. ఆర్ముల్లోని పాత బుష్షులు ప్రెస్ (ఒత్తి నెట్టే యంత్రం) మీద పెట్టినా కదలలేదు, బయటి గొట్టం తుప్పుతో కరుచుకుపోయింది. మంట పెట్టలేదు. హాక్సా బ్లేడును బుష్షు లోపలికి దూర్చి, బయటి గొట్టాన్ని మాత్రమే లోపలి నుంచి ఒక గీతలా కోశారు. ఆర్మ్ రంధ్రానికి గీత పడకూడదని కొనలో చెయ్యి నెమ్మది చేసి, చివరి పొరను ఉలితో మడిచారు. గొట్టం ముడుచుకుని బయటికి వచ్చింది. ఒక్కో బుష్షుకు అరగంట. పాత కట్టర్ మంట తగిలి కుడి ఆర్మ్ మీద ఏర్పడిన నీలి మచ్చను చూపించి, రంధ్రం వంకర పోలేదు కాబట్టి బతికిపోయిందన్నారు. కొత్తవి ఎక్కించేటప్పుడు బయటి గొట్టానికి సబ్బు నీళ్లు రాసి ప్రెస్‌తో నెట్టారు. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందని ఆ డబ్బాను దగ్గరికి కూడా రానివ్వలేదు.

బోల్టులు అన్నీ చేతి బిగువుతో వదిలేసి బండిని, కింద నిలబడి పనిచేసే షెడ్డు గుంత మీదికి తెచ్చి కిందికి దించారు. టార్షన్ బార్‌ను గోడ మీది లెక్క ప్రకారం తిప్పారు. బానెట్ మీద ఇద్దరు కుర్రాళ్లు నాలుగైదుసార్లు గట్టిగా నొక్కారు, బండిని ముందుకూ వెనక్కూ తోశారు, మళ్లీ టేపు పెట్టి ఎత్తు సరిచూశారు. చక్రాల మీద బండి బరువంతా పడ్డాకే ఆయన గుంతలోకి దిగి అసలు బిగింపు మొదలుపెట్టారు. పొడవాటి పైపు తగిలించిన పానాతో బిగిస్తుంటే నేను టార్క్ రెంచి (బిగువు కొలిచే పానా) లేదా అని అడిగాను. “ఉంది. ఇంజన్ హెడ్డు బోల్టులకు వాడతాను. దీనికి నా చెయ్యి చాలు” అన్నారు. “ఇంజెక్షన్ మోతాదు నేనూ చేతి అంచనాతో వేయనా?” అన్నాను. నవ్వి, గుడ్డలో చుట్టి పెట్టిన రెంచి తెప్పించారు. అన్నీ మళ్లీ సరిచూస్తే రెండు బోల్టులు ఇంకొంచెం తిరిగాయి. ఆయన ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు.

ఇక ఫిర్యాదులు. బుష్షుల కోసం ఆగిన రోజులు కాక, ఒక్క రోజన్న పని రెండు రోజులు పట్టింది. సాయంత్రం బస్సెక్కి దేవరకొండ వెళ్లి, మర్నాడు మళ్లీ బస్సులో రావాల్సి వచ్చింది. కూర్చోవడానికి ఒక పాత టైరు తప్ప ఏమీ లేదు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. బిల్లు ఇవ్వరు, సిగరెట్ పెట్టె వెనక రాసిన లెక్కే రసీదు. వీల్ అలైన్‌మెంట్ యంత్రం లేదు. అది వేరే చోట చేయించుకోవాలి, తప్పనిసరిగా చేయించుకోవాలి. ఆర్మ్ విప్పి బిగించాక చక్రాల కోణాలు మారతాయి, అలాగే నడిపితే కొత్త టైర్ల గతీ పాత టైర్ల గతే అవుతుంది. నేను అటు నుంచి అటే క్లాక్ టవర్ వైపు వెళ్లి చేయించుకున్నాను.

ఖర్చు: బుష్షులకు 3,480 రూపాయలు, ఉస్తాద్ కూలి 4,000, అలైన్‌మెంట్ 700. మొదటి షెడ్డు కూలి 2,800 మాత్రమే. కానీ దాని పుణ్యమా అని లోపలి అంచులు పోయిన రెండు టైర్లకు 15,000 పెట్టాను. చవకగా చేశారని ఆ షెడ్డుకు నేను మరో ఇద్దరిని పంపాను కూడా. ఆ ఇద్దరికీ ఫోను చేసి చెప్పాను, ఒకాయన ఇంకా కోపంగానే ఉన్నారు.

ఇది జరిగి పది నెలలైంది. వానాకాలం మొత్తం నేరెడుగొమ్ము దారుల్లో తిప్పాను, వైజాగ్ కాలనీ దాకా కృష్ణ ఒడ్డున రాళ్ల మీద నడిపాను. ‘టక్’ లేదు. సాగర్ రోడ్డు మీద స్టీరింగును రెండు వేళ్లతో పట్టుకుంటున్నాను. గత వారం టైర్ల లోపలి అంచులు తడిమి చూశాను, గాడులు బయటి అంచుతో సమానంగా ఉన్నాయి. వెనక కమాను షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే లింకు) దగ్గర ఒక కీచు శబ్దం మొదలైంది, అది వేరే కథ, దానికీ అక్కడికే వెళ్తాను.

వెళ్లాలనుకునేవాళ్లు బుష్షులు ముందే కొని చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఉస్తాద్ ఫోను ఎత్తరు, ఉదయం పది లోపు వెళ్తేనే గుంత ఖాళీగా దొరుకుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షెడ్డు మూస్తారు, తిరిగి ఎప్పుడు తెరుస్తారో బీర తీగ దగ్గర టీ కాచే ఆమెకు మాత్రమే తెలుసు.