జీవుల వర్గీకరణ చార్ట్: బొమ్మలు బాగున్నాయి, గళ్లే తప్పు

మా పర్లాకిమిడి బజార్లో తెలుగు చార్ట్ దొరకడమే గొప్ప, ఎక్కువ ఒడియావే ఉంటాయి, అందుకే కనబడగానే 60 రూపాయలిచ్చి మావాడి కోసం తెచ్చేశాను. లామినేషన్ గట్టిగానే ఉంది. కానీ పుట్టగొడుగును మొక్కల గడిలో పెట్టేశారండీ! అది సొంతంగా ఆహారం తయారు చేసుకోలేదు కాబట్టే 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా, అంటే ఐదు పెద్ద గుంపులుగా, విడదీసిన తన పద్ధతిలో పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలకు వేరే రాజ్యమే ఇచ్చాడు. సాలీడుకి ఎనిమిది కాళ్లూ శుభ్రంగా గీసి మరీ కీటకాల వరుసలో వేశారు, కీటకానికి ఆరే కదా నాన్నా అని మావాడే పట్టుకున్నాడు. తిమింగలం, గబ్బిలం మాత్రం క్షీరదాల్లోనే ఉన్నాయి, సంతోషం. మార్చమంటే షాపాయన నవ్వి ఊరుకున్నాడు. పెన్నుతో దిద్ది గోడకి అంటించాం. ఐదుకి రెండు స్టార్లు, అవీ లామినేషన్‌కే.